మూడుసార్లు తెరిచిన పిడికిలి

మొదటి నుంచీ ఈ కథ వెంట నడుస్తున్నవాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటి వెళ్లిపోవచ్చు. కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. ఒక వారపత్రికలో వీడియో గేముల మీద సమీక్షలు రాసే అమ్మాయి ఉంది. ఆమె కలానికి ముల్లుందని చదివేవాళ్లు కందిరీగ అని పేరు పెట్టారు. ఆమె అన్నయ్య ‘గాలికోట’ అనే గేములో కథానాయకుడికి ఒళ్లు అరువిచ్చినవాడు. అంటే, నల్లటి బిగుతు దుస్తులు వేసుకుని, కీలు కీలుకీ మెరిసే గోళీలు అంటించుకుని, చుట్టూ కెమెరాలున్న గదిలో ఎక్కేవాడు, దూకేవాడు, పడేవాడు. కెమెరాలు ఆ గోళీల కదలికను పట్టుకుంటాయి. ఆ కదలిక మీద బొమ్మను తొడుగుతారు. నాలుగేళ్ల కిందట అతని కుడి మోకాలు ముక్కలైంది. స్టూడియో గోడ మీద నుంచి పడ్డానని అతను చెప్పాడు. ఆ రోజు చిత్రీకరణే లేదు, తాగి ఇంటి మెట్ల మీద పడి నింద మా మీద వేస్తున్నాడని స్టూడియో యజమాని చెప్పాడు. లోకం యజమాని మాటే నమ్మింది. గేములోంచి అన్నయ్య పేరు తీసేశారు. ఆ యజమాని పరాయివాడు కాదు, అన్నయ్య భార్యకు తోడబుట్టినవాడు. కందిరీగకు వరసకు బావ. ‘గాలికోట’ రెండో భాగం విడుదలకు ఆరు రోజులుందనగా, సమీక్ష కోసం స్టూడియో ఇంటికి పంపిన గేము పెట్టెను టీవీకి తగిలించి ఆడుతూ ఆడుతూ కందిరీగ చటుక్కున లేచి నిలబడింది. తెర మీద ఏం చూసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే బావ ఆఫీసుకు బయలుదేరింది. అక్కడ ఆగాం.

ఆమె వెళ్లేసరికి పదిన్నర అయింది. బావ గది మూడో అంతస్తులో, నడవ చివర. నడవ పొడుగునా రెండో భాగం పోస్టర్లు, ప్రతి పోస్టరులోనూ వాన, వానలో గోడకు వేలాడుతున్న ‘వేగు’. ఉత్తరాలు మోసే ఆ వేగే గేములో కథానాయకుడు. ఏ చిత్రకారుడు గీశాడో కాని, వేలాడే తీరు మాత్రం అన్నయ్యదే. ఎడమ భుజం కాస్త పైకి, మెడ కుడి పక్కకి. చిన్నప్పుడు అటక మీదకు ఎక్కినా అన్నయ్య అలాగే వేలాడేవాడు.

“రా మరదలా, రా! ఎన్నాళ్లకు! కందిరీగ వాలడానికి వచ్చిందా, కుట్టడానికి వచ్చిందా?”

“మెత్తటి చోటు వెతుక్కుంటున్నాను బావగారూ.”

బావ పెద్దగా నవ్వాడు. మనిషి లావయ్యాడు. నవ్వు మాత్రం పెళ్లి పందిట్లో అన్నయ్య చెప్పులు దాచినప్పటి నవ్వే. ఆ నవ్వంటే ఆమెకు ఒకప్పుడు ఇష్టం. అందుకే ఇప్పుడు అంత మంట.

“మా చెల్లెలు ఎలా ఉంది?”

“బాగానే ఉంది. కింద వాటాలోకి మారాం. అన్నయ్య మెట్లు ఎక్కలేడు కదా.”

బావ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “సరే, పని మాట. గేమెలా ఉంది?”

“తప్పులు ముందు చెప్పనా, ఒప్పులా?”

“తప్పులే కానీ. ఒప్పులు మా ప్రకటనల వాళ్లు చూసుకుంటారు.”

ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. ఆ తప్పుల జాబితా రాసిన రోజు ఆమె అన్నం కూడా మరిచిపోయింది. ఒక్కటీ అబద్ధం కాదు. ఎవరైనా ఆడి చూసుకోవచ్చు. కాని ఒక్కో తప్పూ దొరుకుతుంటే ఆమెకు నోరూరింది. నిజం రాసేటప్పుడు నోరూరవచ్చా? ఊరితే ఆ నిజం ఎంగిలవుతుందా? నాకు తెలియదు. ఆమెకూ తెలియలేదు. రాసుకుంటూ పోయింది.

“పటం తెరిస్తే ఆటలమ్మ పోసిన మొహంలా ఉంది. ఎక్కడ చూసినా చుక్కలే. నూట ఎనభై ఈకలు ఏరమన్నారు. అన్నీ ఏరాను. ఏమిచ్చారు? టోపీ.”

“బాగుందిగా టోపీ.”

“వేగు తలపాగా తీస్తేగా టోపీ కనపడేది! సరే. అద్దాలు తిప్పి వెలుగును తలుపు మీద పడేలా చేసే చిక్కు మొదటి కోటలో ముచ్చటగా ఉంది. రెండో కోటలో సరేలే అనుకున్నాను. మూడో కోటలో కూడా అవే అద్దాలు, అదే తలుపు. వండిందే వండి వడ్డిస్తే చుట్టం లేచిపోతాడు బావగారూ. ఓడ ప్రయాణం బంకలా సాగింది. ఇక ఆ దుర్మార్గపు సేనాపతి. మీసం తప్ప అతనికి కారణం లేదు. ఎందుకు చంపుతున్నాడో చెప్పరు.”

“మూడో భాగంలో చెబుతాం.”

“మొదటి భాగంలో వేగు ఒక్క ఉత్తరం చేర్చడానికి కోట ఎక్కాడు. చిన్న పని. కాని ఆ ఉత్తరం తడుస్తుందేమోనని ఆడేవాళ్లకి గుండె దడదడలాడేది. ఇందులో లోకాన్ని కాపాడమన్నారు. లోకం తడిస్తే ఎవడికి బాధ?”

బావ నవ్వలేదు. ఆ దెబ్బ తగిలింది. “నువ్వు రాస్తే చదివేవాళ్లున్నారు మరదలా. మూడేళ్ల శ్రమ. కాస్త చూసి రాయి. ఒప్పులే లేవా?”

ఉన్నాయి. అదే ఆమెను రెండు రోజులు తిననివ్వలేదు. వాన పడితే రాయి జారుతుంది, వేగు ముందు అరచేయి తుడుచుకుని తర్వాత పట్టు వేస్తాడు. గాలి ఎటు వీస్తే అటు ఒరుగుతాడు. ఓడ నడిపే ముసలమ్మ నోరు విప్పితే చాలు, ఆట ఆపి వినాలనిపిస్తుంది. వీటన్నిటికన్నా గొప్పది బరువు. తెర మీద బొమ్మకు నిజంగా ఒంటి బరువున్నట్టుంటుంది. ఎక్కుతుంటే ఆడేవాళ్ల భుజాలు నొప్పి పుడతాయి. ఈ భాగానికి ప్రాణం అదే అని ఆమె రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ఎందుకంటే ఆ బరువు అన్నయ్యది. పాత రికార్డులన్నీ తీసి వాడుకున్నారు. చివర్లో వచ్చే పేర్ల పట్టికలో నాలుగొందల మంది ఉన్నారు. ఆఫీసులో మొక్కలకు నీళ్లు పోసేవాళ్ల పేరు కూడా ఉంది. అన్నయ్య పేరు లేదు.

“ఒక ఒప్పు ఉంది,” అంది. “దాని గురించే వచ్చాను. మూడో కోట ఉత్తరపు గోడ. వాన పడుతుండగా, వేగు ఒంట్లో ప్రాణం పావు వంతు కూడా లేనప్పుడు పైనుంచి పడితే ఏమవుతుందో చూశారా?”

“అలా ఎవడు పడతాడు?”

“నేను పడ్డాను. మీరూ పడి చూడండి.”

బావకు తన చేతివాటం మీద నమ్మకం ఎక్కువ. కంట్రోలర్ అందుకున్నాడు. గోడంత తెర వెలిగింది. మూడో కోటకు వచ్చాడు. సైనికుల చేత రెండు దెబ్బలు తిన్నాడు, ప్రాణం గీత ఎర్రబడింది. వానలో గోడ ఎక్కాడు. ఎక్కడం చూస్తుంటే నిజంగానే కడుపు నిండుతుంది, ఆ మాట చెప్పక తప్పదు.

“దూకండి.”

“చస్తాడే!”

“చావడు. దెబ్బ తగులుతుంది. అంతే.”

దూకాడు.

వేగు గాలిలో ఎడమ భుజం లోపలికి ముడిచాడు. కుడికాలు ముందు నేలను తాకింది. మోకాలు వంగవలసిన వైపు వంగలేదు, లోపలికి వంగింది. ఎడమ అరచేయి నేల మీద చరిచాడు. ఒక క్షణం ఏమీ లేదు, వాన చప్పుడే. ఆ తర్వాత పడుకునే ఎడమ చేయి పైకెత్తాడు. పిడికిలి బిగించి తెరిచాడు. బిగించి తెరిచాడు. మూడోసారి తెరిచినప్పుడు వేళ్లు పూర్తిగా రాలేదు.

బావ బొటనవేలు కంట్రోలర్ మీద అలాగే ఉండిపోయింది.

ఆ సైగ ఏమిటో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. కెమెరాల గదిలో నటుల పనే పడటం, మూలగడం. నటించే మూలుగుకీ నిజం మూలుగుకీ తేడా తెలియదు. అందుకని మొదటి భాగం మొదలుపెట్టిన రోజునే ఒక నియమం పెట్టారు. ఎడమ చేయెత్తి పిడికిలి మూడుసార్లు తెరిస్తే, ఇది నటన కాదు, నిజంగా దెబ్బ తగిలింది, ఆపండి అని. ఆ నియమం పెట్టింది బావే. రెండో భాగానికి వచ్చిన కొత్త బృందానికి అది తెలియదు. వాళ్లు పాత రికార్డుల గోదాములో పడటాల కోసం వెతికారు. పేరు లేకుండా వట్టి అంకె ఉన్న ఒక రికార్డు దొరికింది. ఎంత బాగా నటించాడో అనుకుని వాడేశారు.

“ఇంకోసారి,” అంది ఆమె.

“వద్దులే.”

“దూకండి బావగారూ. లోకమంతా దూకబోతోంది.”

అతను దూకాడు. మళ్లీ మోకాలు, మళ్లీ చేయి. మూడోసారి కూడా దూకించింది. నాలుగేళ్లుగా ఆమె మనసులో అన్నయ్య ఎన్నిసార్లు పడ్డాడో అన్నిసార్లూ ఈ మనిషి చేత దూకించాలని ఉంది. అతని చెవుల వెనక చెమట కారడం చూసింది. చూసి తృప్తిపడింది. దాచడం దేనికి, పస్తున్నవాడు పంక్తిలో కూర్చున్నట్టు తృప్తిపడింది.

“దీన్ని నాలుగేళ్ల కిందటే చెరిపెయ్యమన్నాను,” అన్నాడు బావ, తనలో తాను అనుకున్నట్టు.

“చిత్రీకరణే లేని రోజున చెరపడానికి ఏముంది?”

అతను కంట్రోలర్ పక్కన పెట్టాడు.

“చెరపమన్నారు. చెరిపారో లేదో చూసుకోలేదు. తాగుబోతన్నారు మా అన్నయ్యని. ఆ మాటతో అతనికి ఇంకెక్కడా పని దొరకలేదు. ఇప్పుడు గేములన్నిటికీ వేరేవాళ్లు ఒళ్లిస్తున్నారు, అతను కూర్చుని రేడియోలు బాగుచేస్తున్నాడు. నడుముకు రక్షణ తాడు లేకుండా అంత ఎత్తు నుంచి దూకించి, పైగా...”

“తాడు సంగతి మీ అన్నయ్యను అడుగు.”

“మిమ్మల్నే అడుగుతున్నాను. సాయంత్రంలోపు రెండు పనులు చెయ్యండి. పేర్ల పట్టికలో మొదటి పేరు అన్నయ్యది కావాలి. ఆ రోజు అతను ఇక్కడే పడ్డాడని మీ సంతకంతో ప్రకటన రావాలి. లేదంటే నా సమీక్షలో ఈకలూ టోపీలూ ఉండవు. ఈ పిడికిలి ఒక్కటే ఉంటుంది.”

బావ కుర్చీ వెనక్కి నెట్టాడు. “పది నిమిషాలియ్యి,” అని లేచాడు. తలుపు దగ్గర ఆగి, “మంచినీళ్లు తాగు. ఎండన పడి వచ్చావు,” అన్నాడు.

ఆ పది నిమిషాలూ ఆమె జీవితంలో తీయనివి. ప్రకటన ఏ మాటలతో మొదలవాలో కూడా అనుకుంది. వదిన తరచూ ఒక మాట అంటుంది, పైవాడు చూస్తాడులే అని. చూడనీ, కాని నేను కూడా చూడాలి కదా అనుకుంది కందిరీగ. మధ్యలో తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది. ఆమె పట్టించుకోలేదు.

పది నిమిషాలు అరగంటయింది. బావ తిరిగి వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

“మరదలా, నువ్వేదో అన్నావు, ఇంకోసారి చూద్దాం పట్టు.”

మూడో కోట, వాన, ఎర్రగీత. దూకాడు. వేగు నేల మీద గుండ్రంగా దొర్లి, లేచి, దుమ్ము దులుపుకుని నిలబడ్డాడు.

“చక్కగా లేచాడే! దెబ్బేదీ?”

ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లింది.

“జాబితాలో ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టడం, అంతే,” అన్నాడు బావ. “విడుదలకు ముందు ఇలాంటి సవరణలు రోజూ ఉంటాయి. పన్నెండు గంటలకు మీ సమీక్షకుల పెట్టెలన్నిటికీ అప్‌డేట్ వెళ్తుంది. వాటంతట అవే దించుకుంటాయి.”

“నా ఫోన్‌లో వీడియో తీసుకున్నాను.”

“తీసుకో. బొమ్మ చేత ఏ సైగైనా చేయించవచ్చని ఈ లోకంలో ఎవరికి తెలీదు? కడుపుమంటతో నువ్వే చేయించావంటాను. పెట్టెలో ఉన్న రికార్డుకైతే తేదీ ఉంటుంది, వేళ ఉంటుంది. ఫోన్‌లో బొమ్మకు ఏముంది?” అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “నువ్వు ఇంట్లో కూర్చుని రాసేసి ఉంటే నేను మునిగేవాణ్ణి. నాకు అసలు తెలిసేదే కాదు. నువ్వే వచ్చి చూపించావు. నీకు దండం పెట్టాలి.”

నిజమే. ఆమె రావలసిన అవసరం లేదు. ఆ రికార్డును తేదీతో సహా బయటికి తీసి పెట్టగల మనిషిని పత్రిక ఆఫీసు నిన్ననే మాట్లాడి ఉంచింది. పెట్టెను నేరుగా అక్కడికి పట్టుకెళ్తే సరిపోయేది. కాని ఆమెకు ఆ ముఖం చూడాలనిపించింది. ఒక ముఖం వాడిపోవడం చూడటానికి వచ్చి, చేతిలో ఉన్నదంతా అతని చేతిలో పెట్టింది.

గోడ గడియారంలో పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. ఆమె మెట్ల మీద పరుగెత్తింది. ఇంటికి బస్సులో నలభై నిమిషాలు. పెట్టె హాల్లో టీవీ వెనక ఉంది. అది రోజుకోసారి స్టూడియోను పలకరిస్తే తప్ప తెరుచుకోదు, అందుకే ఇంటర్నెట్ తీగ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. అన్నయ్యకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. రేడియో విప్పి కూర్చుంటే అతనికి ఫోన్ వినపడదు. మళ్లీ చేసింది. పన్నెండు దాటింది. ఇక వదినకు చేయక తప్పలేదు.

వదినకు చేయడానికి ఎందుకు వెనకాడిందో చెప్పాలి. ప్రమాదం జరిగిన వారం వదిన ఊళ్లో లేదు. తిరిగి వచ్చేసరికి భర్త ఒక మాట చెప్పాడు, అన్న ఒక మాట చెప్పాడు. వదిన ఎవరినీ ఏమీ అనలేదు. భర్తకు కట్లు మార్చింది, కర్ర అందించింది, నాలుగేళ్లు సేవ చేసింది. నమ్మిందో లేదో మాత్రం చెప్పలేదు. అన్నయ్య కూడా అడగలేదు.

“ఏంటమ్మాయ్, ఆ రొప్పడం?” వదిన ఎప్పుడూ ఫోన్ స్పీకర్లో పెట్టి, ఇల్లంతా వినపడేలా మాట్లాడుతుంది.

“వదినా, టీవీ వెనక నల్లపెట్టె ఉంది చూడు. తెర మీద ఏమైనా ఉందా?”

“ఏదో గీత నిండుతోంది. ‘దయచేసి ఆపవద్దు’ అని రాసుంది.”

“ఎంత నిండింది?”

“సగం దాటింది. ఎందుకు?”

“దాని వెనక నీలం తీగ పీకెయ్. ఇప్పుడే. మధ్యలో ఆగితే పాతదే ఉంటుంది.”

“ఆపొద్దని రాసుంటే పీకమంటావేంటి! పాడైతే నన్నంటారు.”

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. కందిరీగ ఒక చెవి మూసుకుంది. నెమ్మదిగా చెప్పే వేళ కాదు. “వదినా, అన్నయ్య స్టూడియోలోనే పడ్డాడు. ఆ పడటం రికార్డయింది. అది ఆ పెట్టెలో ఉంది. మీ అన్నయ్య దాన్ని చెరిపేస్తున్నాడు. ఆ గీత నిండితే ఇంక ఎక్కడా ఉండదు. పీకితే మీ అన్నయ్య అబద్ధమాడాడని లోకమంతటికీ తెలుస్తుంది. పీకకపోతే మా అన్నయ్య చచ్చేదాకా తాగుబోతే. నీ ఇష్టం. నేను ఇంకేం చెప్పను.”

కందిరీగ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

“వదినా, ఉన్నావా?”

“ఆయన నాతో ఒక్కసారే చెప్పారు,” అంది వదిన. “అక్కడే పడ్డానే, నమ్ము అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.”

“గీత ఎంతవరకు వచ్చింది?”

ఫోన్ దేనిమీదో పెట్టిన చప్పుడైంది. తర్వాత టీవీ బల్లను నేల మీద ఈడ్చిన చప్పుడు. దాని మీద ఉన్నదేదో దొర్లి పడింది. కందిరీగ నడిరోడ్డు మీద కళ్లు మూసుకుని నిలబడింది. పీకు, పీకు, పీకు అనుకుంది. మొక్కులాగే అనుకుంది.

కర్ర చప్పుడు వినిపించింది. గబగబా వస్తోంది. అన్నయ్య అంత వేగంగా నడవడం ఆమె నాలుగేళ్లలో వినలేదు.

“ఆగు!” అన్నాడు అన్నయ్య. “ఆ తీగ వదిలెయ్.”

“వదలను. ఇన్నాళ్లూ మా అన్నయ్యనే నమ్మాను.” వదిన ఏడుస్తోంది. “లోకం మీ గురించి ఏమందో...”

“అననీ. ఆ రికార్డు బయటికి వస్తే పడటమొక్కటే రాదు. దానికి ముందున్నది కూడా వస్తుంది.” అన్నయ్యకు ఊపిరి అందడం లేదు. “నా నడుముకున్న తాడు విప్పింది మీ అన్నయ్య కాదు. వద్దు వద్దని అతను కింద నుంచి అరుస్తుంటే నేనే విప్పుకున్నాను.”

కందిరీగ చెవికి ఫోన్ ఇంకా గట్టిగా ఆనించుకుంది. బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది.

“ఎందుకు?” అంది వదిన. ఈసారికి ఇక్కడ ఆగుదాం.